బల్బు వెలుగు నిలకడగా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకునే విధానం

బల్బు కొనేటప్పుడు వాట్లు, ధర, వారంటీ చూస్తాం. వెలుగు నిలకడగా వస్తుందా, రెపరెపలాడుతుందా అని మాత్రం అడగం, ఎందుకంటే ఎంత తేరిపార చూసినా ఆ తేడా కంటికి ఆనదు. తాడిపత్రిలో రాత్రిపూట బండలు కోసే యూనిట్లో ఆ తేడా ప్రమాదానికి దారి తీయవచ్చు. అనంతపురంలో పిల్లలు చదువుకునే గదిలో కంటి అలసటకు, కొందరిలో తలనొప్పికి కారణం కావచ్చు. ప్రత్యేక పరికరమేదీ లేకుండా దాన్ని పట్టుకునే పద్ధతి ఉంది.

మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది, ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు సున్నాకు పడిపోతుంది. కాబట్టి దాని మీద వెలిగే దీపం సెకనుకు 100 సార్లు మందగించి మళ్లీ పుంజుకోవాలి. పాతకాలపు ఫిలమెంటు బల్బులో తీగ అంత త్వరగా చల్లారదు గనుక వెలుగు కొద్దిగానే తగ్గేది. ఎల్ఈడీ మాత్రం కరెంటు ఎలా నడిస్తే అలాగే తక్షణం స్పందిస్తుంది. దాని లోపలి డ్రైవర్ సర్క్యూట్లో కెపాసిటర్ (కరెంటును కాస్త నిల్వ చేసి సమంగా అందించే భాగం) సరిపడా ఉంటే వెలుగు సమంగా వస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడ పొదుపు చేస్తే బల్బు సెకనుకు 100 సార్లు దాదాపు ఆరి వెలుగుతుంది.

ఇది మనకు ఎందుకు కనిపించదంటే, కన్ను ప్రతి క్షణపు వెలుగును విడివిడిగా కొలవదు. మసక చీకట్లో సుమారు సెకనులో పదో వంతు, మంచి వెలుతురులో అంతకంటే తక్కువ కాలంలో పడిన వెలుగునంతా కూడుకుని ఒక్కటిగా గ్రహిస్తుంది. సాధారణ వెలుతురులో రెపరెప సెకనుకు 50, 60 సార్లు దాటితే చాలామందికి అది నిలకడైన వెలుగులాగే తోస్తుంది. అలా కలిసిపోయిన వెలుగు దాని సగటుకు సమానమైన నిలకడ వెలుగులాగే కనిపిస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త టాల్బట్ 1834లోనే తెలిపాడు. అందువల్ల మంచి బల్బునూ నాసిరకం బల్బునూ పక్కపక్కన పెట్టి చూసినా లాభం లేదు. కాలంలో దాగిన తేడాను చోటులోకి మార్చి చూడాలి, అంటే వెలుగులో ఒక వస్తువును కదిలించాలి.

రాత్రి వేళ గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పి, పరీక్షించదలచిన బల్బు ఒక్కటే ఉంచండి. నల్లటి దుప్పటి ఏదైనా గోడకు వేలాడదీసి, దాని ముందు తెల్లటి సుద్దముక్కను నిలువుగా పట్టుకుని, చూపును దుప్పటి మీద ఒకే చోట నిలిపి, చెయ్యిని అటూ ఇటూ వేగంగా ఆడించండి. చూపు సుద్దముక్క వెంట పోకూడదు. ఈ పరీక్షలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వెలుగు నిలకడగా ఉంటే సుద్దముక్క ఒకే తెల్లటి పొరలా సాగిపోతుంది. రెపరెప ఉంటే విడివిడిగా అనేక సుద్దముక్కలు దువ్వెన పళ్లలా వరుసగా కనిపిస్తాయి. చెయ్యి సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదిలితే సెకనులో నూరో వంతులో సుద్దముక్క రెండు సెంటీమీటర్లు జరుగుతుంది, అందుకే ముక్కల మధ్య ఖాళీ అంత స్పష్టంగా తెలుస్తుంది. ఖాళీలు పూర్తిగా నల్లగా ఉంటే బల్బు దాదాపు ఆరిపోతున్నట్టు. బూడిద రంగులో ఉంటే కొంత వెలుగు మిగులుతున్నట్టు. ముందుగా పగటి ఎండలో ఇదే చేసి చూస్తే నిలకడ వెలుగులో ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

ఫోన్‌తో కూడా చూడవచ్చు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనైతే రెపరెప నేరుగా కనబడుతుంది. మామూలు వీడియోలో కెమెరా తనంతట తానే దాన్ని కప్పిపుచ్చవచ్చు. ఫోన్‌ను బల్బుకు బాగా దగ్గరగా పెడితే షట్టర్ సమయం తగ్గి, తెర మీద నల్లటి చారలు బయటపడతాయి.

పాత ట్యూబులైటు చివర్లలోనూ, సర్క్యూట్ చెడిన బల్బుల్లోనూ రెపరెప సెకనుకు 50కి దిగవచ్చు. దాన్ని కంటి చివరతో పట్టుకోవాలి, ఎందుకంటే మంచి వెలుతురులో చూపు అంచులు వేగమైన మార్పును నడిమి చూపు కంటే బాగా పసిగడతాయి. దీపం వైపు సూటిగా చూడకుండా పక్కకు చూస్తూ దాన్ని గమనించండి.

యంత్రాల దగ్గర ఈ పరీక్షను ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలిపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు నేరుగా బిగించిన చక్రాన్ని తీసుకుందాం. అది సెకనులో నూరో వంతులో పావు చుట్టు కంటే కాస్త తక్కువ తిరుగుతుంది. సెకనుకు 100 సార్లు రెపరెపలాడే దీపం కింద చక్రం మీది ఒక్క గుర్తు నాలుగు గుర్తులుగా కనబడి, సెకనుకు ఒక చుట్టు చొప్పున నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నట్టు తోస్తుంది. వేగం కాస్త పెరిగితే ఆగిపోయినట్టే భ్రమ కలుగుతుంది. రాయి కోసే బ్లేడు దగ్గర ఆ భ్రమలో చెయ్యి పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. త్రీఫేజు కనెక్షన్ ఉన్న చోట పక్కపక్క దీపాలను వేర్వేరు ఫేజులకు కలిపించండి. ఒకటి మందగించే క్షణంలో మరొకటి వెలుగుతుంది గనుక రెపరెప చాలావరకు తగ్గుతుంది. ఆ పని ఎలక్ట్రీషియనే చేయాలి. తర్వాత యంత్రం ఆపి ఉండగా, దాని పక్కనే సుద్దముక్క పరీక్షను మళ్లీ చేయండి.

చివరగా, బోరు మోటారు ఆన్ అయినప్పుడు, వెల్డింగ్ జరుగుతున్నప్పుడు ఇంట్లో దీపాలన్నీ ఒకేసారి ఊగిసలాడితే అది బల్బు లోపం కాదు, సరఫరాలో వోల్టేజి పడిపోతున్నదని అర్థం. సెకనుకు సుమారు 10 నుంచి 20 సార్లు వచ్చే మార్పును కన్ను అన్నిటికంటే తేలికగా గుర్తిస్తుంది కాబట్టి, అలాంటి ఊగిసలాట కొద్దిగా ఉన్నా చికాకు పెడుతుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవారు అటువంటి దీపం దగ్గర ఉండకూడదు. బల్బు మార్చి ప్రయోజనం లేదు. వైరింగ్ బిగింపులను, సర్వీసు వైరును పరీక్షించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.