యూకేలో షాపింగ్ సెంటర్ పార్కింగ్ టికెట్ వచ్చిందా? కట్టేముందు ఇవి చూసుకోండి

యూకే వచ్చిన కొత్తలో మనవాళ్ళలో చాలామందికి జరిగేదే ఇది. శనివారం రిటైల్ పార్క్‌కి వెళ్తాం, సామాన్లు కొంటాం, పిల్లలు ఏదో తింటామంటే తినిపిస్తాం, ఇంటికొచ్చి మర్చిపోతాం. పది రోజులకి ఓ కవరు వస్తుంది, లోపల మన కారు ఫోటోలు రెండు, లోపలికి వస్తున్నది ఒకటి, బయటికి పోతున్నది ఒకటి, కింద 100 పౌండ్లు కట్టండి, 14 రోజుల్లో అయితే 60 చాలు అని. వాట్సాప్ గ్రూప్‌లో పెడితే సగం మంది "కట్టెయ్ బాబూ, ఎందుకొచ్చిన గొడవ" అంటారు, మిగతా సగం "చించి పారెయ్ అన్నా, వాళ్ళేం పీకలేరు" అంటారు. ఆ రెండో సలహా ఒకప్పుడు పనిచేసిందే. 2012 అక్టోబర్ ముందు ప్రైవేట్ కంపెనీలు కారు నడిపినవాళ్ళనే అడగాలి, ఎవరు నడిపారో వాళ్ళకి తెలిసేది కాదు. ఆ తర్వాత చట్టం మారింది, ఇంగ్లాండ్, వేల్స్‌లో కారు ఎవరి పేరున ఉందో వాళ్ళ మెడకి చుట్టొచ్చు. సలహా మాత్రం ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

మనకేమో హైదరాబాద్ మాల్ అలవాటు. అక్కడ 2018 జీవో నుంచి మొదటి 30 నిమిషాలు ఫ్రీ, గంటలోపు ఏదో ఒక బిల్లు చూపిస్తే ఫ్రీ, కాదంటే గేటు దగ్గర అబ్బాయితో రెండు నిమిషాలు గొడవపడితే తేలిపోతుంది. ఇక్కడ గేటు దగ్గర మనిషే ఉండడు, స్తంభం మీద కెమెరా ఉంటుంది. గొడవంతా ఉత్తరాల్లోనే, అందులో మన బాధ ఎవడూ వినడు, తేదీలు, రసీదులు, ఫోటోలే చూస్తారు.

ముందు కవరు ఎవరిదో చూడండి

పీసీఎన్ అని రెండిటికీ అదే పొట్టి పేరు, కొంపలు ముంచేది ఇక్కడే. కౌన్సిల్ పంపేది పెనాల్టీ చార్జ్ నోటీస్, అది నిజమైన ఫైను, దాని దారి వేరు, ఇక్కడ రాసింది దానికి పనికిరాదు. ప్రైవేట్ కంపెనీది పార్కింగ్ చార్జ్ నోటీస్, అది ఫైన్ కాదు. మీరు బోర్డు చదివి లోపలికొచ్చారు కాబట్టి మాకూ మీకూ కాంట్రాక్ట్ కుదిరింది, దాన్ని తప్పారు కాబట్టి డబ్బులివ్వండి అని పంపే బిల్లు అన్నమాట. మన అడ్రస్ డీవీఎల్ఏ (బళ్ళ రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర ఒక్కోదానికి 2.50 పౌండ్లు కట్టి కొనుక్కుంటారు, అందుకు బీపీఏ, ఐపీసీ అనే రెండు పార్కింగ్ కంపెనీల సంఘాల్లో ఏదో ఒకదాంట్లో మెంబర్ అయ్యుండాలి. లెటర్ వెనక ఏ సంఘం లోగో ఉందో ఇప్పుడే చూసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఫోన్‌కి మెసేజ్ వచ్చి లింక్ నొక్కి పార్కింగ్ డబ్బులు కట్టమంటే మాత్రం అది మోసం అనుకుని వదిలెయ్యండి.

సమస్య: అంతసేపు ఉండలేదు, అయినా టైం దాటిందంటున్నారు

కారణం ఏంటంటే కెమెరా కొలిచేది కారు ఆగి ఉన్న టైం కాదు, గేటులోంచి గేటు దాకా. డిసెంబర్ శనివారం ఖాళీ కోసం పావుగంట చుట్టూ తిరిగి, బయటికి పోయే క్యూలో ఇంకో ఇరవై నిమిషాలు నిలబడితే అదంతా పార్కింగే దాని లెక్కలో.

పరిష్కారం: ఫోటోల మీద టైం చూసి లెక్కెయ్యండి. లిమిట్ అయ్యాక కనీసం 10 నిమిషాలు గ్రేస్ ఇవ్వాలని వాళ్ళ సంఘాల రూల్ బుక్‌లోనే ఉంది. రెండు గంటల లిమిట్, 2:02కి లోపలికి, 4:11కి బయటికి అయితే 9 నిమిషాలే ఎక్కువ, ఒక్క లైనులో అపీల్ రాస్తే చాలు. పది దాటితే క్యూ ఉందని చూపించాలి. ఆఖరి బిల్లు మీద టైం, గూగుల్ మ్యాప్స్ టైంలైన్, పక్క సీట్లో వాళ్ళు విసుగొచ్చి తీసిన వీడియో, ఏదైనా సరే. డబ్బులు కట్టాల్సిన కార్ పార్క్ అయితే ఇంకో మాట, మిషన్ దగ్గర ఐదు నిమిషాల్లో కట్టలేదని చార్జ్ వేసేవాళ్ళు, యాప్ తిరగకపోయినా సరే. 2025 ఫిబ్రవరి 17 నుంచి కెమెరా కార్ పార్కుల్లో అది కుదరదు, వెళ్ళేలోపు కట్టుంటే చాలు.

ఇంకో రకం ఉంది, పొద్దున ఓసారి వెళ్ళి పాలు తెచ్చాం, సాయంత్రం మళ్ళీ వెళ్ళాం, మధ్యలో కారు బయటికి వెళ్ళడం, మళ్ళీ లోపలికి రావడం కెమెరా మిస్సయింది, ఇంకేముంది, ఏడు గంటలు పార్క్ చేశారని లెటర్. మధ్యలో కారు ఇంకెక్కడో ఉందని ఒక్క ఆధారం చాలు, ఆ రోజు పెట్రోల్ కొట్టించిన కార్డ్ ఎంట్రీ, స్కూల్ దగ్గర ఏదన్నా, అంతే. ఆ రోజు మా నంబర్‌తో మీ కెమెరాలో ఉన్న ఫోటోలన్నీ పంపమని కూడా అడగండి.

సమస్య: సినిమాకెళ్తే టికెట్

ఇది పూర్తిగా మన సమస్య. ఇక్కడి మల్టీప్లెక్స్‌లు చాలావరకు రిటైల్ పార్కుల్లోనే ఉంటాయి, పార్కింగ్ మూడు గంటలో నాలుగు గంటలో ఫ్రీ, ఇంగ్లీష్ సినిమాకి అది బోలెడు. మన సినిమా మూడు గంటలు, యాడ్లు అరగంట, అయ్యాక బయట నిలబడి సెకండ్ హాఫ్ మీద చర్చ ఇంకో అరగంట. లాబీలో పాప్‌కార్న్ కౌంటర్ పక్కనో టికెట్ మిషన్ పక్కనో చిన్న ట్యాబ్లెట్ ఒకటి ఉంటుంది, అందులో కారు నంబర్ కొడితే టైం పెరుగుతుంది. మొదటిరోజు షోకి పేపర్లు ఎగరేసే హడావిడిలో దాన్నెవడు చూస్తాడు. లెటర్ వచ్చాక చెయ్యాల్సింది, టికెట్ బుకింగ్ ఈమెయిల్ పట్టుకుని కంపెనీకంటే ముందు సినిమా హాల్ మేనేజర్‌ని అడగడం. వాళ్ళు ఒక ఈమెయిల్ కొడితే క్యాన్సిల్ అయినవి మా గ్రూప్‌లోనే మూడో నాలుగో ఉన్నాయి.

సమస్య: డబ్బులు కట్టాను, అయినా కట్టలేదంటున్నారు

నంబర్ తప్పు కొట్టుంటారు, అంతకంటే ఏం లేదు. "ఓ"కి బదులు సున్నా, "ఐ"కి బదులు ఒకటి, లేదా అక్షరాలు అటూ ఇటూ. ఇలాంటి ఒకటి రెండు అక్షరాల తప్పులైతే, కట్టిన రసీదు చూపిస్తే మొత్తం క్యాన్సిల్ చెయ్యాలి. పూర్తిగా వేరే కారు నంబర్ కొట్టుంటే రద్దు కాదు గానీ 20 పౌండ్లకి తగ్గించాలి, అదీ 14 రోజుల్లో కడితే. నేను రెండో రకం. కొత్త కారు కొన్న వారానికి, వానలో గొడుగు ఒక చేత్తో పట్టుకుని, వేళ్ళు వాటంతట అవే పాత కారు నంబర్ కొట్టేశాయి. ముందు 100 అడిగారు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పాత కారు అమ్మిన కాగితం పెడితే 20కి దిగారు, కట్టేశాను. అది నా తప్పే మరి.

సమస్య: లెటర్ లేటుగా వచ్చింది

దీని దగ్గర కాస్త ఆగండి, ఎందుకంటే గట్టి పాయింట్ ఏదన్నా ఉందంటే ఇదే. అద్దం మీద టికెట్ అంటించకుండా కెమెరా చూసి పోస్టులో పంపితే, పార్క్ చేసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లో లెటర్ మీ చేతికి చేరాలి. పంపడం కాదు, చేరాలి. పోస్ట్ చేసిన రెండో పనిదినానికి చేరినట్టు చట్టం అనుకుంటుంది. అంటే 1వ తారీఖు పార్కింగ్ అయితే 15 లోపు చేరాలి. లెటర్ మీద తేదీ 14 అని ఉంటే ఎలా లెక్కేసినా 15కి చేరదు. 2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్, షెడ్యూల్ 4, పేరా 9. (అద్దం మీద టికెట్ పెట్టుంటే లెక్క వేరు, అప్పుడు లెటర్ 29వ రోజు నుంచి 56వ రోజు మధ్యలో రావాలి.)

లేటయితే ఏంటి లాభం? కారు ఎవరి పేరున ఉందో వాళ్ళ మీద (వీళ్ళనే రిజిస్టర్డ్ కీపర్ అంటారు) బాధ్యత పడదు, నడిపినవాళ్ళ మీదే పడుతుంది, నడిపింది ఎవరో వాళ్ళకి తెలియదు. ఇక్కడే మనవాళ్ళు చెడగొట్టుకుంటారు. చిన్నప్పుడు నేర్పిన లీవ్ లెటర్ స్టైల్లో "రెస్పెక్టెడ్ సర్, ఐ పార్క్డ్ మై కార్" అని మొదలెట్టి, పాపకి బాత్రూం వచ్చిందనీ, ఆవిడకి నడుం నొప్పనీ మొత్తం రాసేస్తారు. ఆ ఒక్క "ఐ"తో మీరే డ్రైవర్ అని రాసిచ్చినట్టు, ఇంక పేరా 9 లేదు, ఏం లేదు. తెలుగులో అయితే ఎవరు అనకుండా "పార్క్ చేశారు" అని దాటెయ్యొచ్చు, ఇంగ్లీషులో "ది డ్రైవర్" అనే మాట వాడండి. అబద్ధం రాయమని కాదు, భార్య నడిపిందనో తమ్ముడు నడిపాడనో కథలల్లొద్దు. ప్రైవేట్ కంపెనీకి ఎవరు నడిపారో చెప్పి తీరాలని చట్టమేం లేదు, అంతే. ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాస్తే చాలు:

"ఈ కారు రిజిస్టర్డ్ కీపర్‌గా రాస్తున్నాను. డ్రైవర్ ఎవరో చెప్పడం లేదు. పార్కింగ్ జరిగింది ఫలానా తేదీ, మీ నోటీసు చేరింది ఫలానా తేదీ. పేరా 9 ప్రకారం 14 రోజుల్లో చేరలేదు కాబట్టి కీపర్‌ని అడిగే హక్కు మీకు లేదు. రద్దు చెయ్యండి, లేదా పై అపీల్‌కి కోడ్ ఇవ్వండి."

అపీల్ ఎలా, ఎక్కడ

కంపెనీకి రాసేముందు షాపుకి రాయండి. కార్ పార్క్ నడిపేది కంపెనీయే అయినా స్థలం వాళ్ళది కాదు, సెంటర్ మేనేజ్‌మెంట్‌దో సూపర్ మార్కెట్‌దో. 140 పౌండ్ల షాపింగ్ బిల్లు చూపించి మీ కస్టమర్‌కి ఇలా చేస్తారా అని మర్యాదగా అడిగితే చాలాసార్లు వాళ్ళే తీయించేస్తారు. నా లెక్కలో చట్టాలన్నిటికంటే ఇదే త్వరగా తేలే దారి, మనవాళ్ళు దీన్నే వాడరు. దీనికి జవాబు కోసం చూస్తూ అపీల్ తేదీ మాత్రం పోగొట్టుకోవద్దు.

కంపెనీకి అపీల్ 28 రోజుల్లో. 14 రోజుల్లోపే పెడితే, ఓడిపోయినా ఆ 60 రేటు మళ్ళీ 14 రోజులిస్తారు, కాబట్టి మొదటి మెట్టులో పోయేదేం లేదు. వాళ్ళు కాదంటే కంపెనీ బయట పై అపీల్ వినేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, బీపీఏ మెంబర్ అయితే పాప్లా, ఐపీసీ మెంబర్ అయితే ఐఏఎస్ అనే అపీల్ సంస్థ. పాప్లాకి పది అంకెల కోడ్ ఇస్తారు, 28 రోజుల్లో వాడాలి, ఫ్రీ. అక్కడ మనం గెలిస్తే కంపెనీ కట్టుబడాలి, ఓడితే మన మీద కట్టుబాటు లేదు గానీ డిస్కౌంట్ మాత్రం పోతుంది. కంపెనీ సాక్ష్యాలు పెట్టాక మీకు 7 రోజులు టైం ఉంటుంది, ఆ ఈమెయిల్ చూడకుండా వదిలెయ్యొద్దు, వాళ్ళు పెట్టిన బోర్డు ఫోటో వేరే మూలలోదైతే అప్పుడే పట్టుకోవాలి.

"ఫ్రీ పార్కింగే కదా, వాళ్ళకి నష్టమేంటి, 100 పౌండ్లు అన్యాయం" అని మాత్రం రాయకండి. ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2015 నవంబర్‌లో ఓడిపోయింది. చెమ్స్‌ఫోర్డ్‌లో రిటైల్ పార్క్, రెండు గంటలు ఫ్రీ, ఒకాయన 56 నిమిషాలు ఎక్కువున్నాడు, 85 పౌండ్లు చెల్లుతుందన్నారు. కానీ ఆ కేసులో బోర్డులు పెద్దవి, చాలా ఉన్నాయి, స్పష్టంగా ఉన్నాయి. మీ కార్ పార్క్‌లో చెట్టుకొమ్మ వెనక, లైటు లేకుండా, చీమ తలకాయంత అక్షరాలతో ఉంటే అదే కేసు మీకు పనికొస్తుంది. మీరు పార్క్ చేసిన టైంలోనే, రాత్రయితే రాత్రే, మళ్ళీ వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుని ఫోటో తీయండి. వెళ్ళినప్పుడు లిమిట్ లోపు బయటికి రండి, దీనికోసం వెళ్ళి రెండో టికెట్ తెచ్చుకున్నవాడు కూడా ఉన్నాడు.

సమస్య: ఎర్ర అక్షరాల లెటర్లు

కట్టకపోతే కొన్నాళ్ళకి అప్పు వసూలు కంపెనీల నుంచి వస్తాయి, 70 కలిపి 170, ఎర్రటి అక్షరాలు, కోర్టు, క్రెడిట్ స్కోర్ అంటూ. వాళ్ళు బెయిలిఫ్‌లు (కోర్టు తరఫున జప్తు చేసేవాళ్ళు) కాదు, ఇంటికొచ్చి టీవీ ఎత్తుకుపోలేరు. ఇవన్నీ ఫైల్‌లో పడెయ్యండి. పడెయ్యకూడనివి రెండు. ఒకటి లెటర్ బిఫోర్ క్లెయిమ్, అంటే కోర్టుకి వెళ్ళేముందు ఇచ్చే నోటీసు, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండోది నార్తాంప్టన్ నుంచి వచ్చే కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం, దాని మీదున్న ఇష్యూ తేదీకి 5 రోజులు కలిపి, అక్కడినుంచి 14 రోజుల్లో ఆన్‌లైన్‌లో అక్నాలెడ్జ్ చేస్తే, అంటే అందిందని చెప్తే, డిఫెన్స్‌కి మొత్తం 28 రోజులొస్తాయి. ఇది వదిలేస్తే మన మాట వినకుండానే తీర్పు, అదే సీసీజే, అంటే కౌంటీ కోర్ట్ జడ్జ్‌మెంట్. నెలలోపు మొత్తం కట్టేస్తే రికార్డు నుంచి తీసేస్తారు, లేకపోతే ఆరేళ్ళు.

"వీసా పోతుందా అన్నా" అని స్టూడెంట్లు భయపడుతుంటారు. ఈ టికెట్ క్రైమ్ కాదు. సీసీజే దాకా పోతే మాత్రం ఇల్లు కొనేటప్పుడు, ఫోన్ కాంట్రాక్ట్ తీసుకునేటప్పుడు ఏడిపిస్తుంది, సిటిజన్‌షిప్ ఫారంలో సివిల్ తీర్పులున్నాయా అనీ అడుగుతారు.

సమస్య: అసలు లెటరే రాలేదు, సీసీజే పడింది

మా ఫ్రెండ్ తమ్ముడికి ఇదే అయ్యింది. చదువుకునేటప్పుడు ఏడాదిలో మూడు రూములు మారాడు, కారు లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ కాగితం) మొదటి ఇంటి అడ్రసే ఉండిపోయింది. లెటర్లన్నీ అక్కడికే వెళ్ళాయి, ఆ ఇంట్లో వాళ్ళు పిజ్జా కాగితాలతో పాటు బయట పడేశారు. రెండేళ్ళ తర్వాత మార్ట్‌గేజ్ అడిగితే బ్యాంకువాళ్ళు చెప్పారు. ఎన్244 అనే ఫారంతో తీర్పు పక్కన పెట్టమని అడగొచ్చు, నాకు నోటీసు అందలేదు, వాదించడానికి ఈ కారణముంది అని, తెలిసిన వెంటనే పెట్టాలి, నాన్చకూడదు. ఫీజు దాదాపు 300 పౌండ్లు, మొదట అడిగిన 60కి అయిదు రెట్లు.

లాగ్‌బుక్ అడ్రస్ మార్చడం ఫ్రీ, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. లైసెన్స్‌లో మార్చాను కదా అంటే కుదరదు, రెండూ వేరు వేరుగా మార్చాలి. మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా వెయ్యొచ్చు, ఇది మాత్రం నిజం ఫైనే.