స్విమ్మింగ్‌తో కాలేజీ సీటు: ముందు రిజల్ట్ షీట్ తెరవండి

అమెరికాలో హైస్కూల్ స్విమ్మర్ ఉన్న మన ఇళ్లలో రెండు రకాల అమ్మానాన్నలు ఉంటారు. ఒకరు పెద్ద యూనివర్సిటీ టీమ్ రికార్డులు చూసి "మనవాడి వల్ల ఎక్కడవుతుందిలే" అని వదిలేస్తారు, ఇంకొకరు కౌంటీ మీట్‌లో మెడల్ వచ్చింది కాబట్టి స్కాలర్‌షిప్ ఖాయం అనుకుంటారు. ఇద్దరూ తప్పు కాగితమే చూస్తున్నారు. కోచ్ మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ పిల్ల మా కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల గుంపు) మీట్‌లో పాయింట్లు తెస్తుందా, తేదా?

దానికి జవాబు మీరే ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌లు ఎక్కువగా ఫిబ్రవరిలో జరుగుతాయి, రిజల్ట్స్ అన్నీ స్విమ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. గత మూడేళ్లవి తీయండి. ఫైనల్‌లో గెలిచినవాళ్ల టైమ్ వదిలేసి, పొద్దున జరిగే ప్రిలిమ్స్‌లో (ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే రౌండ్), 16 మందికి పాయింట్లిచ్చే కాన్ఫరెన్స్ అయితే 16వ స్థానం టైమ్ రాసుకోండి. 24 మందికి పాయింట్లిచ్చే కాన్ఫరెన్స్ అయితే 24వ టైమ్. ఉదాహరణకి మీ అమ్మాయి 100 యార్డ్స్ బ్యాక్‌స్ట్రోక్ 56.4లో చేస్తుంది అనుకుందాం. ఒకచోట 16వ టైమ్ 55.9 ఉంటే అరసెకను దూరం, జూనియర్ ఇయర్‌లో (11వ తరగతి) అందుకోగలిగేదే, వెంటనే మెయిల్ రాయొచ్చు. ఇంకోచోట 53.8 ఉంటే 100 యార్డ్స్‌లో రెండున్నర సెకన్లంటే చాలా దూరం, అక్కడ ఆశ పెట్టుకోకండి. మూడోచోట 58 ఉంటే వెళ్లిన మొదటి ఏడాదే పాయింట్లు తెచ్చే పిల్ల, ఆ కోచ్ తనే ఫోన్ చేస్తాడు. కాలేజీ ఛాంపియన్‌షిప్ మీట్‌లో ఒక్కొక్కరు మూడు వ్యక్తిగత ఈవెంట్ల వరకు చేయొచ్చు, కాబట్టి ఒకటే బలమైన ఈవెంట్ ఉన్నవాళ్ల కంటే మూడు ఉన్నవాళ్లకి గిరాకీ ఎక్కువ. పనిలో పనిగా టీమ్ రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) కూడా చూడండి, మీ అమ్మాయి చేరే ఏడాదికి బ్యాక్‌స్ట్రోకర్లు ఎంతమంది గ్రాడ్యుయేట్ అయిపోతున్నారో లెక్కేయండి.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటి. హైస్కూల్ మీట్లలో వ్యక్తిగత ఈవెంట్లు ఎనిమిదే. 200 బ్యాక్, 200 బ్రెస్ట్, 200 ఫ్లై, 400 ఐఎమ్ (నాలుగు రకాల ఈతలూ కలిపి), 1650 ఫ్రీ అక్కడ ఉండవు, కాలేజీ ఛాంపియన్‌షిప్‌లలో ఉంటాయి. హైస్కూల్ టీమ్‌తోనే సరిపెట్టుకున్న పిల్లాడు 200 ఫ్లైలో పులి అయినా ఆ సంగతి ఎవరికీ తెలీదు, కాబట్టి క్లబ్ మీట్లలో ఆ ఈవెంట్లు చేయించండి. కాలేజీ పోటీలు జరిగేది యార్డ్స్ పూల్‌లో, వేసవిలో 50 మీటర్ల పూల్ టైమ్‌లని యార్డ్స్‌లోకి మార్చే లెక్కలు ఉజ్జాయింపు మాత్రమే. యార్డ్స్‌లో అసలు టైమ్ ఉంటే కోచ్‌లు దాన్నే చూస్తారు.

ఇక తేదీలు. కాలేజీ క్రీడలని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కాలేజీలని మూడు డివిజన్లుగా పెట్టింది, డివిజన్ 1 అన్నిటికంటే పై స్థాయి. డివిజన్ 1 కోచ్‌లు సోఫోమోర్ ఇయర్ (10వ తరగతి) అయ్యాక జూన్ 15 నుంచే పిల్లలతో మాట్లాడాలి, విజిట్లు జూనియర్ ఇయర్ ముందు ఆగస్టు 1 నుంచి. దానికి ముందు మీ పిల్ల రాసిన మెయిల్‌కి జవాబు రాలేదంటే టెన్షన్ పడొద్దు, రూల్ అలాంటిది. అయినా టీమ్ వెబ్‌సైట్లో కొత్త స్విమ్మర్ల కోసం ఉండే వివరాల ఫారం నింపి ఉంచండి. డివిజన్ 3లో ఈ ఆంక్షలు చాలా తక్కువ.

మెయిల్ ఎవరు రాయాలి అంటే, పిల్లలే. నేను ఉత్సాహం ఆపుకోలేక మా అమ్మాయి తరఫున నేనే పెద్ద వ్యాసం రాసి పంపాను, చిన్నప్పుడు మొదటిసారి నీళ్లలోకి దిగిన సంగతి దగ్గర్నుంచి. ఆ కోచ్ రెండు లైన్లలో మర్యాదగా "మీ అమ్మాయినే రాయమనండి" అన్నాడు. సిగ్గేసింది. తర్వాత తను రాసింది అయిదే లైన్లు: సబ్జెక్ట్ లైన్‌లో గ్రాడ్యుయేషన్ సంవత్సరం, 100 బ్యాక్, 200 బ్యాక్ టైమ్‌లు, లోపల జీపీఏ, పోయినేడాది ఇదే ఈవెంట్లో ఎంత ఉండేదో, ఆ టీమ్ ఎందుకు నచ్చిందో ఒక వాక్యం. జవాబు వచ్చింది. ఇంకో మాట, సమ్మర్ క్యాంప్‌కి రమ్మని వచ్చే మెయిల్ చూసి మురిసిపోకండి, అది వందలమందికి వెళ్తుంది.

డబ్బు సంగతికొస్తే, డివిజన్ 1లో ఇంతకుముందు ఒక టీమ్ మొత్తానికి మగపిల్లలకి 9.9, ఆడపిల్లలకి 14 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025-26 నుంచి, ఆటగాళ్లకి డబ్బు చెల్లింపుల గురించిన కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయి, దాని బదులు రోస్టర్ 30 మందికి మించకూడదన్న రూల్ వచ్చింది. వినడానికి బాగానే ఉంది కానీ, దెబ్బ పడింది డబ్బులేమీ అడక్కుండా టీమ్‌లో చేరే వాక్-ఆన్ పిల్లల మీద. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి తయారుగా ఉన్న ఇరవయ్యేళ్ల స్విమ్మర్ దొరుకుతుంటే కొత్తవాళ్ల మీద పందెం కాసే కోచ్‌లు తగ్గుతారు.

అందుకే డివిజన్ 3ని చిన్నచూపు చూడొద్దని నా గట్టి అభిప్రాయం. అక్కడా, ఐవీ లీగ్‌లోనూ ఈత కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వరు, నిజమే. కానీ డివిజన్ 3లో చదువుకీ, కుటుంబ ఆదాయాన్ని బట్టీ వచ్చే సాయం కొన్నిసార్లు డివిజన్ 1 ముక్క స్కాలర్‌షిప్ కంటే ఎక్కువే ఉంటుంది. స్థాయి తక్కువనుకుంటే కెన్యన్ కాలేజీ మగపిల్లల టీమ్ చూడండి, 1980 నుంచి 2010 వరకు వరుసగా 31 డివిజన్ 3 టైటిళ్లు. చాలా డివిజన్ 3 కాలేజీల్లో జూనియర్ ఇయర్ అయ్యాక వేసవిలో కోచ్ మీ పిల్ల మార్కులు అడ్మిషన్ ఆఫీసుకి చూపించి ముందే అభిప్రాయం తీసుకుంటాడు, దీన్ని ప్రీ-రీడ్ అంటారు. అడ్మిషన్ కష్టమైన చోట ఇది డబ్బు కంటే విలువైనది.

మార్కుల విషయంలో డివిజన్ 1 కనీస అర్హత హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటివి), వాటిలో 2.3 జీపీఏ, పది కోర్సులు సీనియర్ ఇయర్ (12వ తరగతి) మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. మన ఇళ్లలో దీనికి ఢోకా ఉండదు, అర్హత చూసే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ చేయడం మర్చిపోకపోతే చాలు.

కోచ్ నోటిమాటగా ఇచ్చిన ఆఫర్‌కి, మీరు నోటిమాటగా ఇచ్చిన ఒప్పుకోలుకి కట్టుబడాలని లేదు, ఇరువైపులా. ఆ కాలేజీలోనే చేరతానని పిల్లలు సంతకం చేసే పాత లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లో తీసేశారు, ఇప్పుడు రాతపూర్వక ఆర్థిక సాయం ఒప్పందమే లెక్క. సంతకం ముందు ఒక సంఖ్య అడగండి: రోస్టర్లో ఉన్నవాళ్లలో ఎంతమందిని కాన్ఫరెన్స్ మీట్‌కి తీసుకెళ్తారు? కోచ్‌ని ఒకసారి, విజిట్‌లో రాత్రి భోజనం దగ్గర ఆ కాలేజీలో రెండో ఏడాది చదివే స్విమ్మర్‌ని ఇంకోసారి.