పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త విండోస్‌లో నడిపే ముందు

- డేటా ఫైళ్లను ముందే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ప్రోగ్రామ్ పోతే మళ్లీ దొరకొచ్చు, ఫైళ్లు దొరకవు.

- ఆ ప్రోగ్రామ్ 16-బిట్‌దా (బాగా పాత రకం), 32-బిట్‌దా (దాని తర్వాతి రకం) చూడండి. విండోస్ 11 64-బిట్‌లోనే వస్తుంది, అందులో 16-బిట్‌వి నడవవు. తికమక ఎక్కడంటే, ప్రోగ్రామ్ 32-బిట్‌దే అయినా దాని సెటప్ ఫైలు 16-బిట్‌ది కావచ్చు. అప్పుడు ఇన్‌స్టాలేషన్ మొదలే కాదు. డాస్ (విండోస్‌కు ముందు నాటి సిస్టమ్) కాలం నాటిదైతే డాస్‌బాక్స్ వాడండి, అది డాస్ ప్రోగ్రామ్‌లను ఇప్పటి కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్.

- ప్రోగ్రామ్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి పాత విండోస్ ఎంచుకోండి. అక్కడే ఉండే అడ్మినిస్ట్రేటర్ టిక్ (ప్రోగ్రామ్‌కు పూర్తి అధికారాలు ఇచ్చేది) మాత్రం చివరి ప్రయత్నమే.

- లైసెన్స్ కీ ఉందా? కీ ఉన్న సీడీ కవరు పారేసి నేను రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

- వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) విండోస్ ఎక్స్‌పీ పెడితే దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఎక్స్‌పీకి సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు, 2014లోనే ఆగిపోయింది.