ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడపడం – 4వ పాఠం: ఫ్రీజ్ వారంలో కొత్తవాళ్ళు పంపిన ప్యాచ్

పోయిన పాఠంలో వెర్షన్ నంబర్లు ఎలా వేయాలో, ఛేంజ్‌లాగ్ ఎలా రాయాలో చూశాం. మీ ప్రాజెక్టు తర్వాతి రిలీజ్‌కి ఒక తేదీ అనుకుని రాసుకోమన్నాను కదా, ఇవాళ దాంతోనే పని.

ఒక సందర్భం అనుకుందాం. శుక్రవారం 2.4 రిలీజ్. ఈ వారం ఫ్రీజ్, అంటే బగ్ సవరణలు తప్ప కొత్త మార్పులు తీసుకోని సమయం. మంగళవారం రాత్రి, ఇదివరకు పేరు కూడా వినని మనిషి ఒకరు పుల్ రిక్వెస్ట్ (తన మార్పుని, అంటే ప్యాచ్‌ని, ప్రాజెక్టులో కలపమనే వినతి) పంపారు. అందులో రెండు పనులు, రెండు కమిట్లుగా (నమోదైన మార్పులుగా), కలిసి ఉన్నాయి: తేదీ తప్పుగా చూపించే బగ్‌కి సవరణ, సెట్టింగ్స్ మెనూలో ఒక కొత్త ఆప్షన్. కోడ్ చూస్తే బాగానే ఉంది. ఇప్పుడేం చేస్తారు?

మెయింటెయినర్లు (ప్రాజెక్టు నడిపేవాళ్ళు) సాధారణంగా మొహమాటపడి మెర్జ్ చేసేస్తారు (ప్రాజెక్టులో కలిపేస్తారు), లేదంటే "రిలీజ్ టెన్షన్ తీరాక చూద్దాంలే" అని పక్కన పెట్టి మర్చిపోతారు. మొదటి పనితో రిలీజ్ దెబ్బతింటుంది, రెండోదానితో మనిషి దూరమవుతారు. నన్నడిగితే రెండోదే పెద్ద నష్టం. రిలీజ్‌లో తప్పు దొర్లితే వారంలో 2.4.1 తెచ్చుకోవచ్చు. నెల రోజులు ఉలుకూ పలుకూ లేక విసిగిపోయిన మనిషి మళ్ళీ మీ గడప తొక్కడం కష్టం.

అసలు ఆ కొత్త ఆప్షన్‌ని ఎందుకు ఆపాలి? కోడ్ బాగుంది కదా? కోడ్ ఒక్కటే చూస్తే ఈ ప్రశ్నకి జవాబు దొరకదు, అనువాదకుల వైపు నుంచి చూడాలి. మెనూలో కనిపించే ప్రతి మాటా పీఓ ఫైల్లో (అనువాదాలు ఉండే ఫైల్) ఒక వరుస. మూలంలో "సేవ్ ఫైల్" అనే ఇంగ్లీషు మాట ఉంది, తెలుగు అనువాదకులు "ఫైలును భద్రపరచు" అని రాసిపెట్టారు. ఫ్రీజ్ వారంలో ఎవరో ఆ ఇంగ్లీషు మాట చివర మూడు చుక్కలు చేర్చారనుకోండి. అనువాదాలు చూసుకునే గెట్‌టెక్స్ట్ అనే సాధనం లెక్కలో అది వేరే మాట. పీఓ ఫైళ్ళను తాజా చేసినప్పుడు పాత అనువాదానికి "ఫజీ" (మళ్ళీ సరిచూడాలి) అనే గుర్తు పడుతుంది. పీఓ ఫైల్ని ప్రోగ్రాం వాడుకునే రూపంలోకి మార్చే ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ, ఫజీ గుర్తున్న వరుసల్ని మామూలుగా వదిలేస్తుంది. ఫలితం: శుక్రవారం అప్‌డేట్ చేసుకున్న వాడుకరికి మెనూ అంతా తెలుగులో ఉండి, మధ్యలో ఒక్క చోట ఇంగ్లీషు తేలుతుంది. మూడు చుక్కల వల్ల! కొత్త ఆప్షన్ అయితే చెప్పనక్కర్లేదు, దానికి ఏ భాషలోనూ అనువాదమే ఉండదు. గ్నోమ్ (లైనక్స్ డెస్క్‌టాప్) వాళ్ళు స్ట్రింగ్ ఫ్రీజ్ (తెరమీది మాటల మార్పులు ఆపే గడువు) అని ప్రత్యేకంగా పెట్టుకున్నది ఇందుకే. ఆ గడువు దాటాక తెరమీది మాట మార్చాలంటే అనువాద బృందం అనుమతి తీసుకోవాలి.

కాబట్టి ఆప్షన్ ఆగాలి, బగ్ సవరణ వెళ్ళొచ్చు. రెండూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో ఉన్నాయి గనక విడదీయమని అడగాలి. ఆ అడగడంలోనే ఉంది ఇవాళ్టి విద్య. ఇలా రాయొచ్చు:

"ప్యాచ్ పంపినందుకు థాంక్స్. తేదీ బగ్‌ని సరిగ్గా పట్టుకున్నారు, దాన్ని శుక్రవారం రిలీజ్‌లోనే పెట్టాలనుంది. మెనూ ఆప్షన్ కూడా నచ్చింది, కానీ సోమవారం నుంచి మాటల మార్పులు ఆపేశాం, అనువాదకులకి టైం చాలదు. మొదటి కమిట్‌ని మాత్రం వేరే పుల్ రిక్వెస్ట్‌గా పంపగలరా? వీలుకాకపోతే చెప్పండి, నేనే విడదీస్తాను, కమిట్ మీ పేరుతోనే ఉంటుంది. ఆప్షన్‌ని 2.5 కోసం వచ్చే సోమవారం రివ్యూ చేస్తాను."

చివరి వాక్యంలో తేదీ ఉంది, గమనించారా? "తర్వాత చూస్తాం" అంటే వినేవాళ్ళకి "చూడం" అనే వినిపిస్తుంది. "వీలుకాకపోతే నేనే విడదీస్తాను" అన్నది కూడా మర్యాద కోసం రాసింది కాదు. కమిట్లు విడదీయడం మనకి రెండు నిమిషాల పని, కొత్తవాళ్ళకి ఒక సాయంత్రం పట్టొచ్చు.

ఈ జవాబు నమ్మేలా ఉండాలంటే తర్వాతి రిలీజ్ ఎప్పుడో మీకే తెలిసి ఉండాలి. గంటకో బస్సు ఉందని తెలిస్తే ఎవరూ ఫుట్‌బోర్డు మీద వేలాడరు. లైనక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలో) జరిగేది చూడండి. కొత్త మార్పులు కలుపుకునే రెండు వారాల మెర్జ్ విండో, తర్వాత ఆర్‌సీ1 (రిలీజ్‌కి ముందు పరీక్షించే మొదటి వెర్షన్), ఆపైన వారానికొక ఆర్‌సీ చొప్పున ఆర్‌సీ7 దాకా, ఒక్కోసారి ఆర్‌సీ8 దాకా. మొత్తం తొమ్మిది పది వారాలకొక రిలీజ్. ఈసారి అందకపోతే రెండు నెలలు దాటగానే ఇంకోటి ఉంటుందని అందరికీ తెలుసు. పైథాన్ భాషకి 3.9 నుంచి ఏడాదికొక రిలీజ్, అక్టోబర్‌లో. మే నెలలో మొదటి బీటా (పరీక్షల వెర్షన్) వచ్చాక ఆ వెర్షన్‌లోకి కొత్త ఫీచర్లు తీసుకోరు.

కెర్నెల్‌లో కొత్తవాళ్ళు తడబడే చోటు ఒకటుంది. "మెర్జ్ విండో తెరుచుకుంది" అని వినగానే ప్యాచ్ పంపడానికి అదే సమయం అనుకుంటారు. నిజానికది మెయింటెయినర్లు ముందే పోగుచేసుకున్నవాటిని కెర్నెల్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కి అప్పజెప్పే సమయం. నెట్‌వర్కింగ్ విభాగమైతే ఆ రెండు వారాలూ కొత్త ఫీచర్లు తీసుకునే నెట్-నెక్స్ట్ అనే కోడ్ ప్రతిని మూసేస్తుంది. అప్పుడు పంపితే "తెరిచాక మళ్ళీ పంపండి" అంటారు. నియమం తెలియనివాళ్ళకి అది మొహం మీద తలుపేసినట్టే ఉంటుంది. అందుకే మీ కంట్రిబ్యూటింగ్ ఫైల్లో (ప్యాచ్ ఎలా పంపాలో చెప్పే ఫైల్) మొదటి పేరాలోనే ఇప్పుడు ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో రాయండి. కోడింగ్ స్టైల్ సంగతులు దాని కిందకి పోయినా పర్వాలేదు.

చిన్న ప్రాజెక్టుకి ఇంకో వెసులుబాటు ఉంది. ఫ్రీజ్ మొదలైన రోజే రిలీజ్ బ్రాంచ్ (రిలీజ్ కోసం విడిగా ఉంచే కోడ్ శాఖ) వేరు చేసేయండి. మెయిన్ బ్రాంచ్ తెరిచే ఉంటుంది, సోమవారం రివ్యూ అయ్యాక మెనూ ఆప్షన్ అందులోకి వెళ్ళిపోతుంది. తేదీ సవరణని మెయిన్‌లో మెర్జ్ చేసి, రిలీజ్ బ్రాంచ్‌లోకి చెర్రీ-పిక్ చేస్తే (ఆ ఒక్క కమిట్‌ని అక్కడికి తెచ్చి పెడితే) చాలు. మెయిన్‌లో పెట్టకుండా నేరుగా రిలీజ్ బ్రాంచ్‌లో సరిచేయకండి. అదే బగ్ 2.5లో మళ్ళీ లేస్తుంది.

ఇక రిలీజ్ రోజు. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) ప్రాజెక్టు ప్రతి పెద్ద రిలీజ్ ప్రకటనలోనూ మొదటిసారి పనిచేసినవాళ్ళ పేర్లు విడిగా వేసి స్వాగతం చెబుతుంది, పాతవాళ్ళ జాబితా దాని తర్వాత వస్తుంది. ఖర్చులేని పని ఇది. పోయిన ట్యాగ్ (రిలీజ్‌కి పెట్టిన గుర్తు) నుంచి ఇప్పటిదాకా ఉన్న కమిట్ల మీద గిట్ షార్ట్‌లాగ్ ఆదేశం నడిపితే పేర్లన్నీ వచ్చేస్తాయి, పాత జాబితాతో పోల్చుకుని కొత్తవి ఏరుకోవడమే. కోడ్ రాయకుండా బగ్ మాత్రమే చెప్పినవాళ్ళు ఇందులో రారు. వాళ్ళ కోసం కెర్నెల్ వాళ్ళలాగా కమిట్ సందేశంలోనే "రిపోర్టెడ్-బై" అని పేరు చేర్చే అలవాటు చేసుకోండి.

ఈ వారం హోంవర్కు: మీ ప్రాజెక్టులో జవాబు లేకుండా పడి ఉన్న పుల్ రిక్వెస్టుల్లో అన్నిటికన్నా పాతది తీయండి. పైన రాసిన పద్ధతిలో, తేదీ వేసి జవాబివ్వండి. తీసుకునే ఉద్దేశం లేకపోతే కారణం ఒక్క వాక్యంలో చెప్పి మూసేయండి. మీకు సొంత ప్రాజెక్టు లేకపోతే, మీరు వాడే ఏదైనా సాఫ్ట్‌వేర్ కంట్రిబ్యూటింగ్ ఫైల్ చదివి, ఇవాళ ప్యాచ్ పంపితే ఏ వెర్షన్‌లోకి వెళ్తుందో కనుక్కోండి.

వచ్చే పాఠంలో ట్యాగ్‌కి సంతకం చేయడం, రిలీజ్ తాళాలు ఇంకొకరికి ఎప్పుడు ఇవ్వొచ్చో చూద్దాం. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారాన్ని (ఆ కంప్రెషన్ సాధనంలో ఒక సహ మెయింటెయినరే దొంగ దారి పెట్టిన ఘటనని) దానికి ఉదాహరణగా తీసుకుంటాం.