బీరువాలో దాచిన బట్టలకు కత్తెర పెట్టేముందు

దసరాకి దాచుకున్న ముక్కలతో ఒకదానికొకటి నప్పే నాలుగైదు జతలు కుట్టుకోవాలనుకుంటే, ముందు ఇవి చూసుకోండి.

తడపకుండా కత్తిరించొద్దు. కాటన్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. కుట్టాక బిగుతైతే ఇక చేసేదేమీ ఉండదు. కలంకారీని విడిగా నానబెట్టి, తడి మీదే తెల్లగుడ్డతో రుద్దండి. రంగు అంటితే లేతరంగు బట్టతో కలిపి కుట్టొద్దు. నా తెల్ల మంగళగిరి కుర్తా ఇలాగే పాడైంది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మడతల దగ్గర వెలుతురుకి పట్టి చూడండి. పాత పట్టు అక్కడే చిరుగుతుంది.

పొడవుతోపాటు పన్నా (బట్ట వెడల్పు) కూడా కొలవండి. 36 అంగుళాలకి, 44 అంగుళాలకి లెక్క మారిపోతుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే డిజైన్ కలవడానికి ఇంకాస్త బట్ట పడుతుంది.

ప్యాంట్లకు రెండే రంగులు పెట్టుకోండి, ప్రతి కుర్తా రెండింటికీ నప్పాలి. ఇది పగటి వెలుగులోనే తేల్చండి. ట్యూబ్‌లైట్ కింద నలుపు, నేవీ బ్లూ ఒకేలా కనిపిస్తాయి.

లైనింగ్ కోసం సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి ముక్క తీసుకునే వెళ్లండి. ఫోన్ ఫొటోలో రంగు మారుతుంది.

టైలర్‌కి ఇస్తే ముందు ఒక్కటే కుట్టించండి, వేసుకుని చూశాకే మిగతావి. పండగ వారంలో సరిచేయించాలంటే టెన్షనే.