ముక్కల బొంత: మూలలు కలవకపోతే ఎక్కడ వెతకాలి

పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, చుట్టూ కుట్టి, మధ్యలో వరసలు వేసుకుంటూ పోయే బొంత కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపూ చాలామంది ఆడవాళ్లకు చేతనైన పనే. గుడ్డను ముక్కలుగా కత్తిరించి, చదరాలుగా అతికి, బొంతకు పై పొర తయారు చేయడం మాత్రం వేరే పని. అందులో కనిపించే లోపం ఒకచోట ఉంటుంది, అది పుట్టేది అంతకు ముందు మెట్టులో. చివర్లో గుడ్డను సాగదీసి సరిపెట్టాలని చూస్తే ఇంకా చెడుతుంది. అందుకే ఒక్కో సమస్యనూ వెనక్కి నడిచి చూద్దాం. ఉదాహరణకు అందరూ మొదట నేర్చుకునే తొమ్మిది ముక్కల బ్లాక్‌నే తీసుకుంటాను: అడ్డంగా మూడు, నిలువుగా మూడు ముక్కలు అతికిన ఒక చదరం.

బ్లాక్ అనుకున్నదానికన్నా చిన్నగా వస్తోంది

3½ అంగుళాల ముక్కలు తొమ్మిది కలిపితే, కుట్లలోకి పోయేది పోను, బ్లాక్ 9½ అంగుళాలు రావాలి. 9¼ వచ్చిందంటే కత్తిరింపును అనుమానించే ముందు కుట్టును చూడండి. ఈ పనిలో కుట్టు మార్జిన్, అంటే గుడ్డ అంచు నుంచి కుట్టు వరకు వదిలే దూరం, పావు అంగుళం. ప్రతి కుట్టూ అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగిందనుకోండి, అది రెండు ముక్కల్లోనూ తగ్గుతుంది. వరసకు రెండు కుట్లు కాబట్టి మొత్తం పావు అంగుళం పోయినట్టే. అలాంటి బ్లాకులు ఆరు పక్కపక్కన పెడితే అంగుళంన్నర తేడా. జాకెట్లు కుట్టే అలవాటున్నవాళ్లు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు, ఎందుకంటే జాకెట్‌కు మార్జిన్ ఉదారంగా వదులుతాం, కంటి అంచనాతో లాగించేస్తాం.

ఫుట్ (గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం) అంచు సూదికి పావు అంగుళం దూరంలోనే ఉంటుందని నమ్మకండి. ఫుట్ కింద టేపు పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ సూదిని సరిగ్గా పావు గీత మీదికి దించండి. టేపు చివర ఎక్కడుందో అక్కడ మిషన్ పలక మీద మందుల షాపులో దొరికే ప్లాస్టరును రెండు మూడు మడతలుగా అంటించండి. ఇక గుడ్డ అంచు దాన్ని ఆనుకుని నడవాలి. మీ చూపు కూడా ఆ ప్లాస్టరు మీదే ఉండాలి, సూది మీద కాదు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి 1½ అంగుళం వెడల్పున్న పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలవండి. కచ్చితంగా 1 అంగుళం ఉండాలి. కాస్త తక్కువుంటే ప్లాస్టరును ఒక పోగంత సూది వైపు జరపండి. కుట్టిన గుడ్డ మడత తిరిగేచోట కూడా కొంచెం కొలత తింటుంది కాబట్టి పావుకన్నా వెంట్రుకవాసి తక్కువ కుట్టడమే సరైన లెక్క. ఈ పరీక్ష చేయకుండా అసలు గుడ్డ ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

కొలత సరిగానే ఉంది, మూలలు కలవడం లేదు

ఇది ఇస్త్రీలో జరిగే తప్పు. రెండు వరసల్లోనూ లోపలి మడతలు (కుట్టు వెనక మిగిలే పావు అంగుళం అంచులు) ఒకే వైపు వాలితే, ఆ వరసలు కలిపేచోట ఆరు పొరలు ఒకదానిమీదొకటి గుట్టగా చేరతాయి. ఫుట్ ఆ గుట్ట ఎక్కలేక పక్కకు జారుతుంది, మూల తప్పుతుంది.

మడతలు ఎదురెదురు దిక్కులకు వాలాలి. ముదురు, లేత రంగులు చదరంగం బల్లలా అమర్చితే ఈ పని దానంతటదే అయిపోతుంది. ప్రతి మడతనూ ముదురు ముక్క వైపు వాల్చండి. మొదటి వరసలో మడతలు బయటికి పోతాయి, రెండో వరసలో లోపలికి వస్తాయి. లేత గుడ్డలోంచి ముదురు నీడ కనబడకపోవడం అదనపు లాభం. వరసలు కలిపేటప్పుడు రెండు కుట్లూ ఒకదానికొకటి ఆనుకున్నట్టు వేలికి తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చండి. పై మడత సూది వైపు, కింది మడత మీ వైపు ఉంటే ఫుట్ దాన్ని నెట్టి ఇంకా దగ్గర చేస్తుంది.

ఇస్త్రీపెట్టెను చొక్కా మీద జరిపినట్టు జరపకూడదు. ఆనించాలి, ఎత్తాలి. ముందు మూసి ఉన్న కుట్టు మీద ఒకసారి, తర్వాత తెరిచి ఒకసారి.

అంచులు అలలుగా లేస్తున్నాయి, చదరం ఒరిగిపోతోంది

మన దగ్గర ఈ ఫిర్యాదు ఎక్కువ. వాడి వాడి మెత్తబడిన నూలు చీర ఒంటికి హాయి, కత్తెరకు కష్టం. పట్టుకుంటే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది.

గుడ్డను మూడు దిక్కులా లాగి చూడండి. పడుగు (నిలువు పోగులు) వైపు దాదాపు సాగదు. పేక (అడ్డు పోగులు) వైపు కొంచెం సాగుతుంది. ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. ముక్క అంచులు పడుగు, పేకలకు సమాంతరంగా ఉండాలి. ముద్రించిన గళ్లు చూసి కత్తిరిస్తే మోసపోతారు, అచ్చు ఒక్కోసారి వంకరగా పడుతుంది. బండారులంక లాంటి చోట నేసిన చేనేత గళ్ల గుడ్డలో గీతే పోగు కాబట్టి ఆ బెడద లేదు.

దీనికి మన ఇంట్లోనే మందుంది: గంజి. పలచగా వడకట్టి, గుడ్డ ముంచి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. చేతిలో కాగితంలా నిలబడుతుంది. పూర్తిగా ఆరాకే కత్తిరించాలి, తడి మిగిలిన గుడ్డ ఆరుతూ కొలత మారుస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో గంజి పెట్టకపోవడమే మేలు, ఆరక బూజు పడుతుంది. గంజి గుడ్డను నెలల తరబడి పెట్టెలో ఉంచినా పురుగులు కొట్టేస్తాయి. కుట్టే వారంలో పెట్టుకోండి, బొంత పూర్తయ్యాక ఉతికి వదిలించండి.

రెండో కారణం చెయ్యి. నరసాపురం లేసు అల్లినవాళ్లకు దారాన్ని బిగువుగా పట్టడం అలవాటు. ఇక్కడ ఆ బిగువు పనికిరాదు. ఫుట్ కింది పళ్లే గుడ్డను లాక్కుంటాయి, మీరు దారి చూపిస్తే చాలు. రెండు ముక్కల్లో ఒకటి కొంచెం పొడవైతే దాన్ని అడుగున పెట్టండి, పళ్లు ఆ మిగులును సర్దేస్తాయి.

త్రికోణాలు కావాలంటే ముందు కత్తిరించి కుట్టకండి, ఐమూల అంచు సాగి తీరుతుంది. 4 అంగుళాల చదరాలు రెండు, ముఖాలు లోపలికి కలిపి, మూల నుంచి మూలకు గీత గీయండి. గీతకు అటూ ఇటూ పావు అంగుళంలో కుట్టి, ఆ తర్వాత గీత మీద కత్తిరించండి. రెండు రంగుల చదరాలు రెండు వస్తాయి. 3½కు సరిచేస్తే పైన చెప్పిన బ్లాక్‌లో సరిగ్గా ఇముడుతాయి.

అడుగున దారం ఉండలు కడుతోంది

తొంభై పాళ్లు తప్పు పైదారానిది, అడుగు దారం చుట్టిన బాబిన్‌ది కాదు. ఫుట్ ఎత్తి, పైదారం మొదటినుంచి మళ్లీ ఎక్కించండి. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి. సన్న గుడ్డకు 11 నంబరు సూది, మామూలు నూలుకు 14. అంగుళానికి పది పన్నెండు కుట్లు చాలు.

ఉతికాక ముడతలు, రంగు మరకలు

టైలరు దగ్గర తెచ్చిన ముక్కల్లో నూలు, పాలిస్టర్ కలిసి ఉంటాయి. కొత్త నూలు కుంచించుకుపోతుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది, మధ్యలో కుట్టు ముడతపడుతుంది. ఒక్క పోగు వెలిగించి చూడండి: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. రెంటినీ ఒకే బొంతలో కలపొద్దు. కొత్త నూలు గుడ్డల్ని ముందే తడిపి ఆరబెట్టండి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం రంగుల మీద తడిపిన తెల్లగుడ్డ రుద్దండి. రంగు దిగితే నీళ్లు తేటపడేవరకు విడిగా ఉతకాలి. ఉప్పునీళ్లను నమ్ముకోకండి.

కుట్టు పక్కనే గుడ్డ చీలుతోంది

కుట్టు తప్పు కాదు, చీర ఆయుష్షు అయిపోయింది. కత్తిరించే ముందు కిటికీ వెలుగుకు అడ్డం పట్టండి. కుచ్చిళ్ల కింది భాగం, నడుం దగ్గర చెక్కే చోటు ముందుగా పలచబడతాయి, అవి వదిలేయండి. అమ్మ చీర కాబట్టి ఆ భాగమే కావాలనుకుంటే, వెనక పలచటి మల్లు గుడ్డ ముక్క జత చేసి రెంటినీ ఒకే ముక్కగా కత్తిరించండి.

కుట్టు విప్పాల్సి వస్తే లాగకండి. ఒకవైపు ప్రతి నాలుగో కుట్టు తెంపి, రెండోవైపు దారం మెల్లగా లాగితే గుడ్డకు దెబ్బ తగలకుండా ఊడివస్తుంది. ఎక్కడో ఒక్క కుట్టులో అంగుళంలో పదహారో వంతు తేడా వస్తే నేను విప్పను. అంతకు మించితే, పక్క ముక్క కలపకముందే విప్పుతాను.