నేరం, బాధ్యత, శిక్ష – నాలుగో పాఠం: నింద ఏ క్షణానిది?

శిక్షను సమర్థించే రెండు దారులను గత పాఠంలో చూశాం: చేసినదానికి తగినది అనుభవించాలన్న తత్వవేత్త కాంట్ వాదం, మున్ముందు హాని తగ్గాలన్న మరో తత్వవేత్త బెంథామ్ వాదం. ఏ దారిన వెళ్లినా ముందుగా తేల్చుకోవలసినది ఒకటుంది: నింద ఏ క్షణం దగ్గర నిలుస్తుంది? ఈ పాఠంలో దాన్నే సాధన చేద్దాం.

గుత్తి దగ్గర 44వ జాతీయ రహదారిపై లారీ తోలుతున్న డ్రైవరుకు ఫిట్స్ వచ్చి, బండి అదుపు తప్పి, టీ అంగడి ముందు నిలబడిన మనిషి చనిపోయాడనుకోండి. ఆ క్షణాన చేతులు అతని వశంలో లేవు కనుక అక్కడే ఆగితే అతను నిర్దోషి. అయితే ఆగకుండా ఆ పొద్దుటికి వెనక్కి నడవండి. బండి తోలవద్దని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు; మాత్రల అట్ట చొక్కా జేబులోనే ఉంది; వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుందని మానేసి, బాడుగ పోతుందని బండెక్కాడు. నింద ఆ పొద్దుటిది. అదే జీవితంలో మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే, ఎంత వెనక్కి నడిచినా నింద నిలిచే చోటు దొరకదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా మత్తు విషయంలో ఇలాగే నడుస్తుంది: తెలియకుండానో బలవంతంగానో ఎవరైనా తాగిస్తే మినహాయింపు ఉంటుంది, తానై తాగినవాడికి మాత్రం తాగకపోతే ఉండే తెలివి ఉన్నట్టే లెక్కగడుతుంది. ప్రాచీన గ్రీసులో పిట్టకస్ అనే పాలకుడు తాగి తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష విధించాడు. అది నాకు అతిగానే తోస్తుంది.

వెనక్కి నడుస్తూ పోతే అప్పులు, పేదరికం, చివరికి పుట్టుక కూడా వస్తాయి కదా, ఎక్కడ ఆగాలి? కారణమే లేని క్షణం కోసం వెతకవద్దు, అది దొరకదు. హెచ్చరిక అతని చెవికెక్కి, నడతను మార్చగలిగిన క్షణం దగ్గర ఆగండి. పుట్టుకలో అలాంటి క్షణం లేదు. అయినా 1871 నాటి నేరస్థ తెగల చట్టం, 1952లో దేశమంతటా రద్దయ్యేదాకా, కొన్ని తెగలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచి, నిందను పుట్టుకకే అంటగట్టింది. అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురం సెటిల్మెంటులో, అంటే అలాంటి తెగలను ఉంచిన నిర్బంధ కాలనీలో, కుటుంబాలను కట్టడి చేసింది ఆ లెక్కతోనే.

అభ్యాసం: తండ్రిని చంపినవాడి పేరు చెబుతూ ఫ్యాక్షన్ ఇంట పెద్దలు పెంచిన కుర్రవాడు ఇరవయ్యో ఏట వేటకొడవలి పట్టాడు. నింద నిలిచే క్షణాలు ఒకటికి మించి ఉండవచ్చు, అవన్నీ అతనివే కానక్కరలేదు. ప్రతి క్షణానికీ ఎదురుగా, అప్పుడు ఎవరి మాట ఎవరి చెవికెక్కి ఉండేదో రాయండి. ఆ కాగితంతోనే అయిదో పాఠం మొదలవుతుంది.